సముద్రానికి సబ్బు వేస్తే...

సముద్రంలో ఓడ మునిగి చమురు ఒలికిందని పేపర్లో వచ్చినప్పుడల్లా ఆ వార్త చివర ఒక వాక్యం ఉంటుంది. ‘విమానాల నుంచి రసాయనాలు చల్లి చమురు తెట్టును చెదరగొడుతున్నారు’ అని. హమ్మయ్య, ఏదో చేస్తున్నారు కదా అనుకుని పేజీ తిప్పేస్తాం. 2025 మే 25న కేరళ తీరానికి దూరంగా ఎం.ఎస్.సి. ఎల్సా-3 అనే కంటెయినర్ల ఓడ మునిగినప్పుడూ అదే వాక్యం చదివాం. కోస్ట్ గార్డ్ వారి డోర్నియర్ విమానాన్ని ఆ పనికి పంపారు.

చెదరగొడితే ఆ చమురు ఎక్కడికి పోతుంది? ఇల్లు ఊడ్చే చేతులకి ఈ ప్రశ్న తట్టకుండా ఉండదు. చెత్తంతా మంచం కిందికి తోసేస్తే గది శుభ్రంగానే కనిపిస్తుంది. కానీ చెత్త ఇంట్లోనే ఉంటుంది కదా! సముద్రం సంగతి కూడా అంతేనా అని తెలుసుకోవాలనిపించి చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ, ఇదేదో ఇంజనీర్ల వ్యవహారమని వదిలేయదగ్గ విషయం కాదనిపించింది.

గ్లాసులో సముద్రం

ముందు వంటింట్లోనే ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. మూత ఉన్న గాజు సీసాలో సగందాకా నీళ్లు పోసి, ఒక చెంచాడు నూనె వేయండి. మూత పెట్టి బాగా కుదపండి. నూనె ముక్కలైనట్టే అయి, రెండు నిమిషాల్లో మళ్లీ పైకి తేలి ఒక్కటైపోతుంది. ఇప్పుడు గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి మళ్లీ కుదపండి. ఈసారి నీళ్లు పాలలాగా తెల్లబడతాయి. పైన తెట్టు కనిపించదు.

సబ్బు అణువుకి రెండు కొసలుంటాయి. ఒక కొస నూనెని పట్టుకుంటుంది, రెండో కొస నీటిని పట్టుకుంటుంది. దాంతో నూనె సన్న బిందువులుగా విడిపోయి, మళ్లీ ఒకదానితో ఒకటి కలవకుండా ఉండిపోతుంది. సముద్రం మీద చల్లే మందులో జరిగేది కూడా ఇదే. దాన్ని ‘డిస్పర్సెంట్’ అంటారు. సబ్బులాంటి పదార్థాలు, వాటిని నూనె పొరలోకి దింపే ఒక ద్రావకం, ఈ రెండూ కలిపి తయారుచేస్తారు. కుదిపే పని అలలు చేస్తాయి. చమురు వెంట్రుక మందం కన్నా చిన్న బిందువులుగా మారి, పైకి తేలకుండా నీళ్లలో కలిసిపోతుంది. సముద్రంలో సహజంగానే చమురుని తినే బాక్టీరియా ఉన్నాయి. చమురు ముద్దగా ఉంటే వాటికి పైపొరే అందుతుంది, సన్నగా విడిపోతే త్వరగా తినగలుగుతాయి. ఈ పద్ధతి మీద నమ్మకమంతా అక్కడే ఉంది.

అయితే ఒక్క విషయం మరిచిపోకూడదు. మన సీసాలో నూనె ఎక్కడికీ పోలేదు. పైనున్నది లోపలికి వెళ్లింది, అంతే. అసలు కథంతా ఇక్కడే మొదలవుతుంది.

విమానమే ఎందుకు?

చమురు ఒలికిన క్షణం నుంచీ మారిపోతూ ఉంటుంది. తేలికభాగం గాలిలోకి ఆవిరవుతుంది. మిగిలింది అలల్లో పడి నీటిని తనలోకి కలుపుకుని, మూడు నాలుగింతలు ఉబ్బి, చిక్కటి గోధుమరంగు ముద్దగా తయారవుతుంది. ఆ స్థితికొచ్చాక ఏ మందూ లోపలికి దిగదు. ఎండిపోయిన పిండిగిన్నెని సబ్బుతో తోమినట్టే ఉంటుంది. చేసే పనేదో కొన్ని గంటల్లో, మహా అయితే రెండు మూడు రోజుల్లో చేసెయ్యాలి. ఓడ వెళ్లేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. అందుకే విమానం.

విమానమంటే ఆకాశంలోంచి గుమ్మరించడం కాదు. కొబ్బరిచెట్టు ఎత్తులో, లేదంటే దానికి కాస్త పైన, 50 నుంచి 100 అడుగుల మధ్య ఎగరాలి. చినుకు సైజు కూడా ముఖ్యమే. మరీ సన్నగా మంచులా పడితే గాలికి కొట్టుకుపోతుంది. మరీ లావుగా పడితే నూనెపొరని చీల్చుకుని కింది నీళ్లలోకి దిగిపోతుంది. అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా ఉంటే సరిపోతుంది. అంత కింద ఎగిరే పైలట్‌కి తెట్టు మొత్తం ఎలా ఉందో కనిపించదు. అందుకని పైన ఇంకో విమానం తిరుగుతూ ‘ఇక్కడ మొదలుపెట్టు, ఇక్కడ ఆపు’ అని దారి చెబుతుంది.

ఎక్కడ పడితే అక్కడ కొట్టడం కూడా వృథాయే. సముద్రం మీద ఇంద్రధనుస్సు రంగుల్లో మెరిసేది చాలా పల్చటి పొర, దానిమీద మందు కొట్టి ప్రయోజనం లేదు. చమురులో ఎక్కువ భాగం కొద్దిచోట్ల నల్లగా, మందంగా పేరుకుని ఉంటుంది. అక్కడ కొట్టాలి. ఇరవై పాళ్ల చమురుకి ఒక పాలు మందు అనేది చాలాచోట్ల అనుసరించే లెక్క. సముద్రం మరీ ప్రశాంతంగా ఉంటే కలిపే అల ఉండదు. మరీ పోటుగా ఉంటే చమురు మునిగిపోయి మందు తగలదు. డీజిల్‌లాంటి తేలిక చమురు చాలావరకు దానంతటదే ఆవిరై, చెదిరిపోతుంది. బాగా చిక్కటి చమురుకి మందు పట్టదు. ఇన్ని కుదిరితేనే ఆ పని ఫలిస్తుంది.

1967: తోమి తోమి పాడుచేసిన తీరం

ఈ మందుల కథ ఇంగ్లండులో ఒక పెద్ద దెబ్బతో మొదలైంది. 1967 మార్చి 18న టోరీ కాన్యన్ అనే ట్యాంకరు కార్న్‌వాల్ తీరం దగ్గర రాళ్లకి గుద్దుకుంది. అందులో దాదాపు 1,19,000 టన్నుల ముడిచమురు ఉంది. అంత పెద్ద ప్రమాదం అంతకుముందు ఎవరూ చూడలేదు. చివరికి యుద్ధవిమానాలతో ఓడ మీద బాంబులేసి చమురు తగలబెట్టాలని కూడా చూశారు.

ఒడ్డుకి చేరిన చమురు మీద దాదాపు 10,000 టన్నుల డిటర్జెంట్ పోశారు. అవి ఫ్యాక్టరీల్లో యంత్రాల జిడ్డు వదిలించడానికి వాడే రకం. రాళ్లు తెల్లగా వచ్చాయి. కానీ రాళ్లనంటుకుని బతికే నత్తలూ, చిప్పలూ చమురు కన్నా ఆ మందుకే ఎక్కువగా చచ్చిపోయాయి.

గాడ్రెవీ అనే చోట సీల్ జంతువులున్నాయని మందు పోయలేదు. అక్కడ తీరం రెండు మూడేళ్లలో మామూలు స్థితికి వచ్చింది. పోర్త్‌లెవెన్ అనే చోట మందు విపరీతంగా పోశారు. అక్కడి రాళ్లమీది జీవం కోలుకోవడానికి పదేళ్లు దాటి పట్టింది. శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి ఆ రెండు తీరాలనీ పోల్చి చూసి చెప్పిన మాట ఇది. ఏమీ చేయకుండా వదిలేసినచోటే ముందు బాగుపడింది!

ఆ అనుభవం తర్వాత విషం చాలా తక్కువగా ఉండే మందులు తయారుచేశారు. ఒడ్డు దగ్గర కాకుండా లోతైన నీళ్లలోనే వాడాలన్న నియమం వచ్చింది. బ్రిటన్‌లో 20 మీటర్ల కన్నా తక్కువ లోతున్నచోటా, దాని దరిదాపుల్లోనూ మందు కొట్టాలంటే ప్రత్యేక అనుమతి కావాలి.

1996: పాత డకోటాలు, కొత్త పరీక్ష

ఆ పాఠం ఎంత ఒంటబట్టిందో తెలిసింది 1996లో. ఫిబ్రవరి 15 రాత్రి వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ రేవులోకి వస్తూ సీ ఎంప్రెస్ అనే ట్యాంకరు రాళ్లకి తగిలింది. ఓడని లాగి నిలబెట్టే ప్రయత్నాలు దాదాపు వారం రోజులు సాగాయి. ఆలోగా సుమారు 72,000 టన్నుల ముడిచమురు సముద్రంలో కలిసింది. అదంతా జాతీయ పార్కుగా ప్రకటించిన తీరం. దగ్గర్లోని దీవుల్లో లక్షలాది సముద్రపక్షులు గూళ్లు కట్టుకుంటాయి.

మందు చల్లడానికి వచ్చినవి డకోటా విమానాలు. 1930లలో పుట్టిన మోడల్, రెండో ప్రపంచయుద్ధంలో సైనికుల్ని మోసిన రకం! మెల్లగా, కిందగా ఎగరడానికి ఆ ముసలి విమానాలే బాగుంటాయట. మొత్తం 446 టన్నుల మందు చల్లారు.

తర్వాత లెక్కలు కట్టినప్పుడు తేలిందిది. దాదాపు 40 శాతం చమురు ఆవిరైపోయింది. సుమారు సగం సముద్రంలో కలిసి చెదిరిపోయింది, కొంత దానంతటదే, కొంత మందువల్ల. ఒడ్డుకి చేరింది 5 నుంచి 7 శాతం మాత్రమే. ఓడల మీద నుంచి యంత్రాలతో తోడి తీసింది నూటికి నాలుగు పాళ్లు కూడా లేదు. ఈ చివరి లెక్క చూసి నేను ఆశ్చర్యపోయాను. సముద్రంలో పడ్డ చమురుని మళ్లీ ఎత్తుకోవచ్చనే మనందరి ఊహ. నడిసముద్రంలో, అదీ చలికాలపు గాలిలో, అది ఇంత కష్టమన్నమాట.

మందు కొట్టకపోయుంటే ఇంకా పదుల వేల టన్నుల జిడ్డుముద్ద ఒడ్డుకి కొట్టుకొచ్చేదని ప్రభుత్వం వేసిన పరిశీలన సంఘం అభిప్రాయపడింది. అంటే ఈసారి విమానాలు గెలిచాయనే అనాలి.

మరి ఆ గెలుపుకి ఖరీదు? తడిసిన పక్షులు దాదాపు 7,000 దొరికాయి. వాటిలో స్కోటర్ అనే సముద్రపు బాతులే ఎక్కువ. నీళ్లలో కలిసిన చమురు అడుక్కి దిగినచోట పొడుగు చిప్పలూ, ఇసుకలో బతికే ప్రాణులూ చచ్చి గుట్టలుగా ఒడ్డుకొచ్చాయి. సుమారు 2,100 చదరపు కిలోమీటర్ల సముద్రంలో చేపలు పట్టకూడదని నిషేధం పెట్టారు. చేపల మీద కొన్ని నెలల్లోనే సడలించారు గానీ, ఆల్చిప్పల మీద కొన్నిచోట్ల 1997 దాకా సాగింది. చేప ఈదుకుంటూ పక్కకి పోతుంది, ఒంట్లో చేరిన చమురుని త్వరగా వదిలించుకుంటుంది. ఆల్చిప్ప ఉన్నచోటే ఉండి, వచ్చిన నీళ్లన్నీ వడగట్టి తాగుతుంది. వేల్స్‌లో లావర్ అనే సముద్రపు నాచుని ఉడకబెట్టి రొట్టెలా చేసుకుని తింటారు. ఆ తీరంలో తరతరాలుగా ఆడవాళ్లు ఏరిన నాచు అది. తినే నాచు కూడా నిషేధంలో చేరింది.

ఇంకో సంగతి. అది ఫిబ్రవరి. దీవుల మీది పఫిన్ పక్షులు ఇంకా తిరిగి రాలేదు. చాలా చేపలు గుడ్లు పెట్టే కాలం కూడా కాదు. అదే ప్రమాదం రెండు మూడు నెలలు ఆగి జరిగుంటే, అదే విమానాలు అదే మందు చల్లినా ఫలితం ఇంకోలా ఉండేది.

నాకు ఇక్కడే విషయం స్పష్టమైంది. ఈ మందు చమురుని పోగొట్టదు, నష్టాన్ని ఒకరి మీంచి తీసి ఇంకొకరి మీద పెడుతుంది. పైన తేలితే పక్షికి, ఒడ్డుకి, మడ అడవికి ముప్పు. లోపలికి దిగితే చేపగుడ్డుకి, రొయ్యపిల్లకి, ఆల్చిప్పకి ముప్పు. ఎవరి నష్టం తక్కువో తూచి చూసుకోవాలి. తూచడానికి ఉండే సమయం మాత్రం కొద్ది గంటలే.

2010: మందులో ఏముందో చెప్పండి

2010 ఏప్రిల్ 20న అమెరికా దక్షిణాన మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు రిగ్గు పేలి 11 మంది చనిపోయారు. సముద్రగర్భంలోని బావి 87 రోజులు చమురు కక్కుతూనే ఉంది. విమానాలు వరసపెట్టి తిరిగాయి. వాటిలో అమెరికా వైమానిక దళం వారి హెర్క్యులిస్ విమానాలున్నాయి. మామూలు రోజుల్లో దోమలమందు చల్లే దళమది. మొత్తం దాదాపు 70 లక్షల లీటర్ల మందు వాడారు. అందులో సుమారు 40 లక్షల లీటర్లు నీటి పైభాగాన, ఎక్కువ భాగం విమానాల నుంచే. మిగిలింది 1,500 మీటర్ల లోతున బావి మూతి దగ్గరే కలిపారు.

ఇంత మందులో ఏమేం ఉన్నాయో మొదట జనానికి చెప్పలేదు. వ్యాపార రహస్యమన్నారు. చేపలు పట్టేవాళ్లూ, తీరంలో ఉండేవాళ్లూ గట్టిగా అడిగాక, జూన్‌లో ఆ జాబితా బయటపెట్టారు. అందులో ఒక పదార్థం డాక్టర్లు మలబద్ధకానికి రాసే మాత్రల్లో కూడా ఉంటుంది. అంతమాత్రాన భయం లేదని కాదు. మాత్రలో ఎంత ఉంది, సముద్రంలో ఎంత పడింది, పక్కన ఇంకేం కలిసింది అన్నది కదా చూడాలి. మే నెలాఖరులో అమెరికా పర్యావరణ సంస్థ, నీటి పైభాగాన చల్లడం దాదాపు మానేయాలని, మొత్తం మీద మందు 75 శాతం తగ్గించాలని ఆదేశించింది.

శుభ్రం చేసే పనిలో దిగిన దాదాపు 33,000 మంది ఆరోగ్యాన్ని అక్కడి ప్రభుత్వ సంస్థ ఒకటి ఏళ్ల తరబడి పరిశీలించింది. మందు తగిలే పనుల్లో ఉన్నవాళ్లు దగ్గు, ఛాతీ బిగుతు, కళ్లమంట, గొంతుమంట వచ్చాయని మిగిలినవాళ్ల కన్నా ఎక్కువగా చెప్పినట్టు 2017లో ప్రచురించిన ఫలితాల్లో ఉంది. గిన్నెలు తోమి తోమి చేతులు పగిలినవాళ్లకి ఇందులో వింతేమీ కనిపించదు.

మన తీరం సంగతి

మన దేశంలో ఈ బాధ్యత కోస్ట్ గార్డ్‌ది. 1996 నుంచి జాతీయ ప్రణాళిక అమల్లో ఉంది. వారి అనుమతి లేకుండా ఎవరూ మందు చల్లకూడదు. మందు పనిచేస్తుందా, విషమెంత అన్నది గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పరీక్షిస్తుంది. ఒలికిన చమురు గాలికీ, ప్రవాహానికీ ఎటు పోతుందో లెక్కకట్టి చెప్పేది మన హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ. సముద్రమే లేని ఊళ్లో కూర్చుని సముద్రం నాడి చూస్తున్నారు.

విమానం అన్నిచోట్లా అక్కరకి రాదని మనకి చూపించింది చెన్నై. 2017 జనవరి 28న ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొని చిక్కటి ఇంధనచమురు ఒడ్డుకి చేరింది. లోతు లేని నీళ్లు, బంకలాంటి చమురు. వందలాది మంది బకెట్లతో, చేతులతో ఎత్తిపోయాల్సి వచ్చింది. ఆ ఫొటోలు చూసినవాళ్లెవరూ మరిచిపోలేరు.

మన ఆంధ్ర తీరం దాదాపు వెయ్యి కిలోమీటర్లు. విశాఖలో రేవు, రిఫైనరీ ఉన్నాయి. కాకినాడకి ఎదురుగా లోతైన సముద్రంలోంచి 2024 జనవరిలో ఓ.ఎన్.జి.సి. ముడిచమురు తీయడం మొదలుపెట్టింది. పక్కనే కోరింగ మడ అడవులు. చలికాలం నుంచి వేసవి మొదలుదాకా గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవల వేట ఆపేస్తారు. ఏ నెలలో ఏ చేప ఎక్కడ గుడ్డు పెడుతుందో, ఏ గాలికి నీరు ఎటు లాగుతుందో మన మత్స్యకారులకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? తెచ్చిన చేపని గంపకెత్తుకుని ఊళ్లోకి తిరిగి అమ్మే ఆడవాళ్లకీ తెలుసు. ‘చమురు చేపమ్మా, మాకొద్దు’ అని గుమ్మంలోనే వెనక్కి పంపితే మొదట నష్టపోయేది వాళ్లే. చేప నిజంగా బాగున్నా సరే, అనుమానం వచ్చిందంటే కొనేవాళ్లుండరు.

మందు వద్దని నేను అనడం లేదు. మడ అడవిలోకి చమురు దూరితే దాన్ని కడిగే చెయ్యి లేదు. దూరపు లోతునీళ్లలో చెదరగొట్టడమే నయమైన రోజులు ఉంటాయి. వేల్స్‌లో జరిగింది చూశాం. కానీ చల్లాలా వద్దా అన్న నిర్ణయం కొద్ది గంటల్లో జరిగిపోతుంది. విమానం ఇంజను మొదలయ్యాక మీటింగు పెట్టి లాభం లేదు. కాబట్టి అడగాల్సినవాళ్లని ముందే అడగాలి. ఏ నెలలో, ఎంత లోతులో, ఏ మేర చల్లవచ్చో, ఎక్కడ ససేమిరా కూడదో తీరం పొడవునా గీత గీసి పెట్టుకోవాలి. మందులో ఏముందో తెలుగులో రాసి రేవు దగ్గర బోర్డు పెట్టాలి. వేట ఆగితే ఎన్నాళ్లకి, ఎవరికి, ఎంత పరిహారమో ముందే తేల్చాలి. అందులో పడవ ఉన్న మగవాడి పేరుతోపాటు గంప మోసే మనిషి పేరు కూడా ఉండాలి.

కలెక్టరాఫీసులో విపత్తుల మీద సమావేశాలు జరుగుతూనే ఉంటాయి. తీరప్రాంతంలో ఉన్న మహిళా సంఘాల అక్కచెల్లెళ్లు ఈసారి వెళ్లినప్పుడు తుఫాను షెల్టర్ల గురించి అడిగాక, ఈ ప్రశ్న కూడా అడగండి. చమురు ఒలికితే మా రేవులో ఏం చేస్తారు, ఆ కాగితం మాకు చూపిస్తారా అని.